బీటెక్‌లో చదువు, పరిశోధన, ఆట, సేవ: నాలుగూ నడవాలంటే ఏం చేయాలి?

వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లలకు కొదవ లేదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ 2002లో ఎన్ఐటీ అయింది. కాకతీయ యూనివర్సిటీ 1976 నుంచి ఉంది. ఎర్రగట్టుగుట్ట దగ్గర కిట్స్, ఇంకా ఊరి చుట్టూ బోలెడు కాలేజీలు. ఎక్కడ చేరినా మొదటి నెలలో అందరి కోరికల చిట్టా ఒకటే: తొమ్మిదికి తగ్గని సీజీపీఏ, ఫైనల్ ఇయర్‌లోపు ఒక రీసెర్చ్ పేపరు, కాలేజీ టీంలో చోటు, ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) సర్టిఫికెట్. మొదటి మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో వచ్చే పరీక్షలు) అయ్యేసరికి అందులో రెండు కొట్టేసి ఉంటాయి. రెండో మిడ్స్ నాటికి మిగిలిన రెండింటి మీద కూడా టెన్షనే.

నాలుగూ చేసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లేమీ రాత్రంతా మేలుకుని ఉండరు, మనకంటే తెలివైనవాళ్లు కూడా కాకపోవచ్చు. ఈ నాలుగు పనులూ అడిగే టైం ఒకే రకం కాదని మాత్రం వాళ్లకు తెలుసు. మిగిలినవాళ్లు చేసేదేమిటంటే, రోజును నాలుగు ముక్కలు చేసి గోడకు టైంటేబుల్ అంటిస్తారు. అది వారం కూడా నిలవదు. దాని బదులు ఏం చేయొచ్చో వరసగా చెప్తాను.

ముందు సెమిస్టర్ మొత్తాన్ని ఒక కాగితం మీదికి ఎక్కించండి

క్లాసులు మొదలైన వారంలోనే అకడమిక్ క్యాలెండర్ వచ్చేస్తుంది. చాలామంది దాన్ని వాట్సాప్ గ్రూపులో చూసి, దసరాకు ఎన్ని రోజులిచ్చారో లెక్కపెట్టుకుని వదిలేస్తారు. మీరు ఒక పెద్ద చార్టు తీసుకుని, వారానికో వరస గీసి, తేదీలన్నీ ఎక్కించండి. ఫోన్‌లో క్యాలెండర్ ఉంది కదా అంటారేమో. ఫోన్‌లో ఒకసారికి ఒక వారమో, నెలో కనిపిస్తుంది. పదహారు వారాలూ ఒకేసారి కళ్ల ముందుంటేనే ఎక్కడ ఇరుకో, ఎక్కడ వెసులుబాటో తెలుస్తుంది.

ఎర్ర పెన్నుతో మిడ్స్, ల్యాబ్ ఇంటర్నల్స్, సెమిస్టర్ పరీక్షలు, వాటిలో ప్రతిదానికీ ముందు వారం కూడా. నీలం పెన్నుతో పండుగలు, ఊరికి వెళ్లే రోజులు. ఇక్కడ మొహమాటపడొద్దు. ఎంగిలిపూల బతుకమ్మ నాటి నుంచి దసరా దాకా రోజుకు ఆరు గంటలు చదువుతానని రాసుకుంటే అది రాతలోనే ఉంటుంది. ఇంటికి పోయాక తంగేడు పూలు తేవాలి, జమ్మి పెట్టి పెద్దల కాళ్లు మొక్కాలి, ఊళ్లో అందరికీ అలాయ్ బలాయ్ ఇవ్వాలి. అవి చేసే రోజులని ఒప్పుకుని నీలం వేసేయండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. ఆ వారం బస్సులన్నీ అటే పోతాయి, సగం క్లాసు కూడా అటే పోతుంది. ఆకుపచ్చతో టోర్నమెంట్లు, ఎన్ఎస్ఎస్ క్యాంపు, ఎన్ఐటీ వాళ్లయితే టెక్నోజియాన్, స్ప్రింగ్‌స్ప్రీ లాంటి ఫెస్టులు. తేదీలు ఇంకా రాకపోతే పోయినేడు ఎప్పుడు జరిగాయో సీనియర్లను అడిగి పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఏ రంగూ పడని వారాలు చూడండి. సగం మిగిలితే అదృష్టం. మీ సెమిస్టర్ అసలు పొడవు అదే.

అటెండెన్స్‌ను మనసులో కాదు, కాగితం మీద లెక్కేయండి

చాలా కాలేజీల్లో 75 శాతం ఉండాలి. కొంచెం తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండోనేషన్ (మినహాయింపు) తెచ్చుకోవచ్చు. ఇంకా తగ్గితే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు. ఒక సబ్జెక్టు వారానికి మూడు క్లాసులనుకుందాం. పదహారు వారాలకు 48. అందులో 36 ఉండాలి, అంటే పన్నెండు పోవచ్చు. వినడానికి బోలెడున్నట్టే ఉంటుంది. ఒక టోర్నమెంటుకు వారం పోతే మూడు, జ్వరం వస్తే రెండు మూడు, అన్న పెళ్లికి రెండు. మిగిలిన నాలుగైదు బంకులు మొదటి నెలలోనే సినిమాలకు ఖర్చుపెట్టినవాడు నవంబరులో డిపార్ట్‌మెంట్ ఆఫీసు ముందు నిలబడతాడు.

టీంలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఓడీ (ఆన్ డ్యూటీ) లెటరు మీద పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం వెళ్లే ముందే పెట్టించుకోండి. వచ్చాక తిరిగితే, ఎవరు ఎప్పుడు సీట్లో ఉంటారో తెలియక ఇంకో రెండు క్లాసులు పోతాయి. ఓడీ ఇస్తే హాజరు పడుతుందేమో గానీ పాఠం రాదు. బస్సెక్కే ముందే ఫలానా సబ్జెక్టు నోట్స్ ఎవరు పంపాలో మాట్లాడుకుని వెళ్లండి.

ల్యాబుల లెక్క వేరు. ల్యాబ్ ఒకటి పోతే ఆ ప్రయోగం పోయినట్టే, మళ్లీ చేయించడం ఇన్‌ఛార్జి దయ. కాబట్టి బంక్ ఎప్పుడు కొట్టినా ల్యాబ్ రోజు మాత్రం కొట్టొద్దు.

ఏ పనికి ఎలాంటి టైం కావాలో తెలుసుకోండి

అసలు విషయం ఇది.

చదువుకు ముక్కల టైం సరిపోతుంది. రెండు క్లాసుల మధ్య గంట దొరికితే ట్యుటోరియల్‌లో నాలుగు లెక్కలు చేయొచ్చు. మెస్‌కు వెళ్లే ముందు అరగంటలో ల్యాబ్ రికార్డు రాయొచ్చు.

పరిశోధనకు ముక్కలు పనికిరావు. ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో, పోయినసారి గ్రాఫు ఎందుకు వంకరగా వచ్చిందో గుర్తుచేసుకోవడానికే అరగంట పడుతుంది. రోజుకో గంట చొప్పున వారమంతా కూర్చున్నా, ఎవరూ కదిలించకుండా ఒకేసారి దొరికిన నాలుగు గంటలకు సాటిరాదు.

ఆటకు కావలసింది ఒంటికి నచ్చే టైం. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి ఖాళీ ఉంది కదా అని వరంగల్ ఎండలో గ్రౌండుకు పోలేరు. వారమంతా మానేసి ఆదివారం ఐదు గంటలు ఆడితే బాకీ తీరదు, మోకాలు పట్టేస్తుంది.

సేవకు ఇచ్చే టైం ఇక మీది కాదు. అవతల ఎవరో ఎదురుచూస్తుంటారు. మీ అసైన్‌మెంటు ఒకరోజు ఆలస్యమైతే మీ మార్కులే పోతాయి. బుధవారం వస్తానని చెప్పి వెళ్లకపోతే తొమ్మిదో తరగతి పిల్లలు గేటు దగ్గర నిలబడి నిలబడి ఇంటికి పోతారు.

అందుకే వారం వేసుకునేటప్పుడు చాలామంది పెట్టే వరసను తిరగేయండి. మొదట సేవ గంటలు పెట్టండి, తక్కువే గానీ కదలవు. తర్వాత ఆట. ఆ తర్వాత పరిశోధనకు ఒకే ఒక్క పెద్ద గడి. చదువును చివర పెట్టండి. ఈ మాటంటే అమ్మానాన్నలు నా మీద కర్ర ఎత్తుతారని తెలుసు. కానీ క్లాసులు, ల్యాబుల రూపంలో చదువు ఇప్పటికే వారంలో పాతిక ముప్పై గంటలు పట్టుకుని కూర్చుంది. పైన కావలసిన పది పన్నెండు గంటలు ఎక్కడ సందు దొరికితే అక్కడ ఇమిడిపోతాయి. మిగిలిన మూడింటికి ఆ వెసులుబాటు లేదు.

థర్డ్ ఇయర్ హాస్టలర్ ఒకరి వారం చూద్దాం. సోమ, మంగళ, గురు, శని పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా గ్రౌండు. బుధవారం సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా స్కూల్లో పిల్లలకు లెక్కలు. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ల్యాబులో పరిశోధన. శుక్రవారం తప్ప మిగిలిన సాయంత్రాలు ఏడున్నర నుంచి పది దాకా చదువు. పదిన్నరకు పడక. ఆదివారం పొద్దున బట్టలు ఉతుక్కోవడం, నిద్ర, ఇంటికి ఫోను. ఆదివారం సాయంత్రం రాబోయే వారం చూసుకోవడం. ఇందులో శుక్రవారం రాత్రి ఖాళీగా ఉంచాను. వారంలో ఏదో ఒకటి గాడి తప్పుతుంది, దాన్ని సర్దేది ఆ రాత్రే. ఏదీ తప్పకపోతే సినిమాకు పోండి.

చదువు: ఆ రోజుది ఆ రోజే

దీని గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి తొందరగా ముగిస్తాను. క్లాసు అయిన రోజే ఇరవై నిమిషాలు ఆ నోట్స్ చూస్తే మిడ్స్ ముందు రాత్రి గంటలు మిగులుతాయి. ల్యాబ్ రికార్డు ఆ సాయంత్రమే రాసేయండి, రీడింగులు అప్పుడైతేనే అర్థమవుతాయి. పాత ప్రశ్నపత్రాలు మూడేళ్లవి సెమిస్టర్ మొదట్లోనే దగ్గర పెట్టుకోండి. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సు తీసుకుంటే ఒకటే తీసుకోండి. వారం వారం అసైన్‌మెంట్లకు 25 శాతమే, పరీక్షకు 75 శాతం. అసైన్‌మెంట్లు ఎలాగోలా పెట్టేసి పరీక్ష ముందు వీడియోలు చూద్దామంటే కుదరదు.

ఒక నియమం మాత్రం గట్టిగా చెప్తాను. సబ్జెక్టు తప్పి బ్యాక్‌లాగ్ పడితే అది క్లియర్ అయ్యేదాకా పరిశోధన ఆపండి. ఆట ఆపొద్దు, అది తల బాగుండటానికి కావాలి. పేపరు కోసం తిరుగుతూ రెండు సప్లీలు మోసుకొచ్చినవాడిని ప్లేస్‌మెంట్స్‌లో పేపరు కాపాడదు. బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు పరీక్షకే కూర్చోనివ్వవు.

పరిశోధన: చిన్న పని అడగండి

ఫస్ట్ ఇయర్‌లోనే పేపరు రాయాలన్న తొందర వద్దు. గణితం, ప్రోగ్రామింగ్, మీ బ్రాంచికి సంబంధించిన మొదటి రెండు మూడు సబ్జెక్టులు ఒంటబట్టాక, సెకండ్ ఇయర్ రెండో సెమిస్టర్ నుంచి మొదలుపెడితే సరిగ్గా ఉంటుంది.

ప్రొఫెసర్‌ను కలిసే ముందు ఆయన లేదా ఆమె ఈమధ్య రాసిన పేపర్లు రెండు మూడు గూగుల్ స్కాలర్‌లో వెతికి చదవండి. పూర్తిగా అర్థం కావు, ఎవరికీ మొదటిసారి కావు. టైటిల్, సారాంశం, బొమ్మలు, ముగింపు చూడండి. పని ఏమిటో పట్టుబడితే రెండోసారి మధ్యలోకి వెళ్లండి. లెక్కలు మూడోసారికి. అర్థం కాని చోట పెన్సిల్‌తో ప్రశ్న రాసుకోండి. ఆ ప్రశ్నే మీ పరిచయ పత్రం.

మెయిల్ చిన్నగా ఉండాలి. "సార్, నేను ఫలానా బ్రాంచి సెకండ్ ఇయర్. మీ ఫలానా పేపరు చదివాను. మూడో బొమ్మలో లోడు పెరిగినా వోల్టేజీ ఎందుకు మారలేదో అర్థం కాలేదు. మీ ల్యాబులో డేటా సర్దడం, ప్రోగ్రాములు నడిపి చూడటం లాంటి పనేదైనా ఉంటే శనివారం మధ్యాహ్నాలు వస్తాను." ఇంతే. "రీసెర్చ్ మీద నాకు చిన్నప్పటి నుంచి అమితాసక్తి" లాంటివి రాయకండి, ఆ మెయిళ్లు ఆయనకు రోజూ వస్తాయి. వారం దాకా జవాబు రాకపోతే నేరుగా క్యాబిన్‌కు వెళ్లి అడగండి. అప్పటికీ కుదరదంటే ఆయన దగ్గరున్న పీహెచ్‌డీ స్కాలర్ అన్ననో అక్కనో కలవండి. నేను చూసినంతలో బీటెక్ పిల్లలకు పరిశోధన నేర్పేది ఎక్కువగా వాళ్లే.

అంశం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. సివిల్ వాళ్లకు పాలంపేట ఉంది. 1213 నాటి రామప్ప గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఇసుక నింపిన పునాది, శిఖరంలో వాడిన తేలికైన ఇటుకలు ఇప్పటికీ పరిశోధన విషయాలే. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ కాలనీలు నీట మునిగాయి. నాలాల సామర్థ్యం ఎంత, చెరువు శిఖాలు ఎంత మిగిలాయి అన్నది బీటెక్ పిల్లలు కూడా మ్యాపులతో, కొలతలతో చేయగలిగిన పని. ఎలక్ట్రికల్ వాళ్లకు రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు ఉంది. నీటి మీద ప్యానెల్ ఎంత చల్లబడుతుంది, దాంతో కరెంటు ఎంత పెరుగుతుంది అన్నది చిన్న నమూనాతో హాస్టల్ డాబా మీదే మొదలుపెట్టొచ్చు. మెకానికల్ వాళ్లకు నిజామాబాద్ పసుపు, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి, పత్తి. ఎండబెట్టడం, తేమ కొలవడం, గ్రేడింగ్, ఏది పట్టుకున్నా పనే. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఒక్కసారి మీ నాయనమ్మతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడి టైపు చేయించి చూడండి. మన యాస దానికి ఎంత అర్థమవుతుందో చూశాక అంశం కోసం వెతకరు.

శనివారం ల్యాబులో కూర్చున్నప్పుడు ఒక లాంగ్‌బుక్ పక్కన ఉండాలి. ప్రతిసారీ పైన తేదీ, కింద ఇవాళ ఏం చేశాను, ఏం వచ్చింది. లేచే ముందు చివరి లైను తప్పనిసరి: వచ్చేసారి మొదట చేయాల్సిన పని. "ప్యానెల్ పని కొనసాగించాలి" అని రాస్తే దండగ. "మూడో ప్యానెల్ మధ్యాహ్నం ఒంటిగంట రీడింగు తప్పుగా ఉంది, సెన్సారు వైరు చూడాలి, తర్వాత గ్రాఫు మళ్లీ గీయాలి" అని రాయండి. మధ్యలో మిడ్స్ వచ్చి మూడు వారాలు గ్యాప్ పడినా ఆ ఒక్క లైను పట్టుకుని ఐదు నిమిషాల్లో పనిలో పడొచ్చు. నాలుగు పనులు మోసేవాడికి ఇంతకంటే పెద్ద సాయం ఇంకోటి లేదు.

వేసవిలో ఐఐటీల్లో, ఐఐఎస్సీలో, జాతీయ ప్రయోగశాలల్లో ఇంటర్న్‌షిప్ కావాలంటే వేసవిలో వెతికితే రాదు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ లాంటివాటికి ముందు ఏడాది చివర్లోనే దరఖాస్తు పెట్టాలి. రికమెండేషన్ లెటరు కావాలి, చిన్న రైటప్ కావాలి. కాబట్టి చార్టులో దసరా తర్వాతి వారం మీద ఆ పని రాసుకోండి.

డబ్బు కడితే వారంలో అచ్చేస్తాం అని మెయిల్ పెట్టే జర్నళ్ల జోలికి పోకండి. వాటిలో వచ్చిన పేపరు రెజ్యూమేలో ఉంటే చూసేవాళ్లకు మీ మీద నమ్మకం తగ్గుతుంది. అచ్చు కాని మంచి రిపోర్టు దానికంటే నయం.

ఆట: పొద్దుగాల లేవడం అంటే రాత్రి పడుకోవడం

హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. 2002 నుంచి నిలిచిన మహిళల 1500 మీటర్ల జాతీయ రికార్డు 2021 సెప్టెంబరులో ఈ ట్రాక్ మీదే బద్దలైంది. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్. ఆట మన ప్రాంతానికి కొత్తేమీ కాదు, చదువుకునే పిల్లలకే దూరమైంది.

ముందు మీరు ఎందుకు ఆడుతున్నారో తేల్చుకోండి. ఒంటి కోసమైతే వారానికి మూడు నాలుగు రోజులు, ముప్పావుగంట నుంచి గంట. పరుగో, బ్యాడ్మింటనో, కబడ్డీనో ఏదైనా సరే. టీం కోసమైతే రోజూ రెండు పూటలా పోవాల్సిన వారాలు ఉంటాయి. ఆ సెమిస్టర్‌లో పరిశోధన గడి చిన్నదవుతుంది, ముందే ఒప్పుకోవాలి. సెలెక్షన్లకు వెళ్లేముందు మిడ్స్ తేదీలు కెప్టెన్‌కు, పీడీ సార్‌కు చెప్పి ఉంచండి. మ్యాచ్ ముందు రోజు చెప్తే తిట్లు తప్పవు, తిట్టడంలో వాళ్ల తప్పూ లేదు.

పొద్దున ఐదున్నరకు గ్రౌండులో ఉండాలంటే పదిన్నరకు పడుకోవాలి. హాస్టల్లో ఇదే అసలు కష్టం. పక్క రూంలో పబ్జీ, పై రూంలో బర్త్‌డే. చెవుల్లో దూది పెట్టుకుంటారో, రూంమేట్‌ను కూడా పరుగుకు తీసుకుపోతారో మీ ఇష్టం, నిద్ర తగ్గితే మాత్రం ముందు దెబ్బతినేది మధ్యాహ్నం క్లాసు. మార్చి దాటాక ఆరున్నరకల్లా గ్రౌండు వదిలేయండి. రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి కూడా నేల సెగలు కక్కుతుంది. తిండి గురించి పెద్ద పథకాలేం వద్దు. మెస్‌లో గుడ్డు ఉన్నరోజు మానకండి, రూంలో నానబెట్టిన పల్లీలు, శనగలు పెట్టుకోండి, ఇంటి నుంచి వచ్చిన సర్వపిండి ఒక్కరోజులో ఖాళీ చేయకండి.

సేవ: తక్కువ మాటివ్వండి, ఇచ్చింది నిలబెట్టుకోండి

ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఒకటి. సంవత్సరానికి 120 గంటలు. ఇరవై నాలుగు వారాలకు పంచితే వారానికి ఐదు గంటలు. అన్నీ స్కూలు గంటలే కావు, శ్రమదానం, ర్యాలీలు, క్యాంపులు కూడా కలుస్తాయి. కానీ ర్యాలీల్లో నిలబడి ఫొటోలు దిగితే గంటలు నిండుతాయి తప్ప ఎవరికీ ఒరిగేదేం లేదు.

ఒకే చోటు, ఒకే రోజు ఎంచుకోండి. కాలేజీకి సైకిల్ దూరంలో ఉన్న సర్కారు బడి అయితే మేలు. హెడ్మాస్టర్‌ను కలిసి, ఏ సబ్జెక్టుకు సార్లు లేరో, ఏ తరగతికి సాయం కావాలో అడగండి. మీరు నేర్పాలనుకున్నది వాళ్లకు అక్కర్లేకపోవచ్చు. కోడింగ్ నేర్పుదామని వెళ్తే అక్కడ తొమ్మిదో తరగతిలో సగం మందికి మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసేస్తే ఎంతో రాదు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. బోర్డు మీద సంఖ్యారేఖ గీసి సూత్రం చెప్తే తలలూపుతారు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం రాయించండి. మల్లయ్య కొట్టుకు ఎనిమిది రూపాయలు బాకీ, అందులో ఐదు మాఫీ చేశారు, ఇంకా ఎంత బాకీ? మూడు. అప్పుడు మైనస్ ఎనిమిదిలోంచి మైనస్ ఐదు తీసేయడమంటే బాకీ తగ్గడమని ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లే అంటారు. ఇక మొదటి లెక్కకు తిరిగి రండి: మూడు రూపాయల బాకీలోంచి ఐదు రూపాయల బాకీ తీసేస్తే చేతిలో రెండు మిగిలినట్టే. ఆ రోజుకు అది చాలు.

ఒంటరిగా ఒప్పుకోకండి. ఇద్దరు జతగా, వీలైతే వేరే బ్రాంచివాళ్లతో ఒప్పుకోండి. ల్యాబ్ ఇంటర్నల్స్ ఇద్దరికీ ఒకే రోజు పడవు. మిడ్స్ వారం ఇద్దరూ రాలేకపోతే రెండు వారాల ముందే పిల్లలకు చెప్పి, బోర్డు మీద మళ్లీ వచ్చే తేదీ రాసి రండి.

రక్తదానం తక్కువ టైంలో అయ్యే పెద్ద సాయం. 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. తలసీమియా పిల్లలకు ఏడాది పొడవునా రక్తం కావాలి, కాలేజీ క్యాంపు ఉన్నరోజు మాత్రమే కాదు. ఇచ్చిన రోజు, మర్నాడు గ్రౌండుకు వెళ్లకండి. మ్యాచ్ వారంలో ఇవ్వకండి.

వరదల్లాంటివి వచ్చినప్పుడు చార్టు పక్కన పెట్టక తప్పదు. అప్పుడు కూడా ఎవరికి వాళ్లు ట్రాక్టరెక్కి పోకుండా, ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్ ద్వారా వెళ్లండి. ఏ కాలనీలో అన్నం పొట్లాలు ఎక్కువయ్యాయో, ఎక్కడ తాగునీళ్లు లేవో ఆయనకు తెలుస్తుంది.

ఎర్ర వారాల్లో ఆపకండి, తగ్గించండి

మిడ్స్ అనగానే అన్నీ బంద్ పెట్టేస్తారు. మళ్లీ మొదలుపెట్టడానికి పదిహేను రోజులు పడుతుంది, అంతలో తర్వాతి మిడ్స్. అందుకే ప్రతి పనికీ ఒక కనీసం పెట్టుకోండి. ఆటకు మూడు పొద్దులు, అరగంట నడకైనా సరే. పరిశోధనకు వారంలో ఒక గంట, లాంగ్‌బుక్ తిరగేసి ఒక పేపరు చదవడం. సేవకు జతగాడు వెళ్తాడు, మీరు ప్రశ్నల కాగితం తయారుచేసి పంపండి.

సెమిస్టర్‌కు ఒక పనే ముందుండాలి. థర్డ్ ఇయర్ మొదటి సెమిస్టర్ టీంది అనుకుంటే, రెండోది పరిశోధనది. నాలుగింటిలోనూ ఒకే సెమిస్టర్‌లో మొదటి వరసలో ఉండాలని చూసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

కాదనడం నేర్చుకోండి

నాలుగు పనులు చేస్తారని పేరు పడితే ఐదోది, ఆరోది మీ రూం తలుపు తడతాయి. ఫెస్టు స్పాన్సర్‌షిప్ కమిటీ, ఫేర్‌వెల్ డెకరేషన్, క్లబ్ సెక్రటరీ పోస్టు. "చూస్తానన్నా" అనొద్దు, అవతలివాళ్లు దాన్ని సరే అని వింటారు. "అన్నా, మిడ్స్ అయ్యేదాకా నాతో కాదు. ఇరవయ్యో తారీఖు తర్వాత ఒక్క పని చెప్పు, చేస్తా" అనండి. సీనియర్లకు కోపం రాదు. చివరి నిమిషంలో చేయి ఎత్తేసేవాడి మీదే వాళ్లకు కోపం.

డే స్కాలర్లయితే, ముఖ్యంగా జనగామ, మహబూబాబాద్, పెద్దపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చేవాళ్లు, ఈ వారం లెక్కను సగం చేసుకోండి. సీటు దొరికితే రైల్లో ఆ రోజు నోట్స్ చూసుకోవచ్చు, లేకపోతే కళ్లు మూసుకోండి. పొద్దున గ్రౌండు కుదరదు కాబట్టి ఊళ్లోనే సాయంత్రం ఆడండి, సేవ కూడా మీ ఊరి బడిలోనే పెట్టుకోండి. ఆడపిల్లలు హాస్టల్ గేటు టైం చూసుకుని శనివారం ల్యాబును పొద్దుటికి మార్చుకోవాల్సి రావొచ్చు. ప్రొఫెసర్‌కు ముందే చెప్తే సర్దుతారు.

రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన ఆటకు కూడా లేవబుద్ధి కాకపోయినా, చిన్నదానికి రూంమేట్ మీద విరుచుకుపడుతున్నా అది టైంటేబుల్ సమస్య కాదు. ఇంట్లో చెప్పండి, మెంటర్‌తో మాట్లాడండి. మానసిక ఆరోగ్యానికి సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

కాగితాలు ఎప్పటికప్పుడు

చివరగా ఒక ఫైలు కొనుక్కోండి. ఓడీ లెటర్లు, టోర్నమెంటు సర్టిఫికెట్లు, ఎన్ఎస్ఎస్ డైరీ, ల్యాబులో పనిచేసినట్టు ప్రొఫెసర్ ఇచ్చే లెటరు, అన్నీ వచ్చిన రోజే ఫోన్‌లో స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో వేయండి. ఎన్ఎస్ఎస్ గంటలకు ప్రతి నెలాఖరున ప్రోగ్రాం ఆఫీసర్ సంతకం పెట్టించండి. ఫైనల్ ఇయర్‌లో అన్నీ కలిపి అడిగితే అప్పటికి ఆ సార్ ఇంకో కాలేజీలో ఉంటారు, రిజిస్టరు ఏ బీరువాలో ఉందో అటెండర్‌కు కూడా తెలియదు.